సుబ్బరాయుడి కారు, దాని స్వాభావిక వినియోగం

నాగరికత ఎక్కడ మొదలైందన్న ప్రశ్నకు చాలామంది చాలా జవాబులు చెప్పారు. నిప్పు అన్నారు, చక్రం అన్నారు, వ్యవసాయం అన్నారు. అవన్నీ తొలి మెట్లు. ఇంకా చెడిపోని వస్తువు పక్కన, అది చక్కగా పనిచేస్తుండగానే, కూర్చుని దిగులు పడగలగడమే అసలైన నాగరికత. ఎద్దుకు ఈ శక్తి లేదు. మనిషికి ఉంది. ఆ దిగులును గడువు తీరగానే మళ్లీ పొడిగించుకునే సౌకర్యానికి ఎక్స్‌టెండెడ్ వారంటీ అని పేరు. (వారంటీకి, గ్యారంటీకి తేడా ఏమిటని అడిగితే, వస్తువు చెడిపోయిన రోజున తెలుస్తుందని షోరూముల్లో మర్యాదగా చెబుతారు.)

జగ్గయ్యపేటలో పురుగుమందుల దుకాణం నడిపే సుబ్బరాయుడు ఈ నాగరికతలో పై మెట్టు మీద ఉన్న మనిషి. ఆయనకు ఒక తెల్ల కారు ఉంది. దాన్ని ఎందుకు కొన్నారో ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ అంటే ఇద్దరు. ఆయన భార్య కమలాకుమారి నందిగామలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. రోజూ బస్సులో వెళ్లి బస్సులో వస్తుంది, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నిలబడే. కారు ఉంటే తనే నడుపుకుంటూ వెళ్లిరావచ్చని అనుకున్నారు. షోరూములో అట్టతో చేసిన పెద్ద తాళంచెవిని ఆమె చేతికే ఇచ్చి ఫొటో తీశారు. ఆ కారుకు సంబంధించిన తాళంచెవి ఆమె చేతికి రావడం అదే మొదలు, చాలాకాలం వరకు అదే చివర. (ఆ అట్టదాన్ని కూడా షోరూము వాళ్లు వెంటనే తీసేసుకున్నారు. తర్వాతి వాళ్లు లైన్లో ఉన్నారు.)

అక్కడి నుంచి తిన్నగా పరిటాల ఆంజనేయస్వామి దగ్గరికి వెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. నాలుగో నిమ్మకాయ చితికిన చప్పుడు వినగానే సుబ్బరాయుడి మనసులో ఏదో తిరగబడింది. మనిషి ఒక అవసరం కోసం వస్తువు కొంటాడు. కొన్న రోజు సాయంత్రానికి ఆ అవసరమే వస్తువుకు ముప్పుగా కనిపించడం మొదలవుతుంది. ఇది జబ్బు కాదు. జబ్బయితే మందు ఉండేది.

కారు దుకాణం గోడౌను పక్కన రేకుల షెడ్డులోకి చేరింది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. దుమ్ము పడకుండా కమలాకుమారి పాత చీరలు కొన్ని కలిపి కుట్టించి పైన కప్పారు. ఆదివారం ఉదయం సుబ్బరాయుడు చీరలు తీసి, ఇంజను స్టార్టు చేసి, కళ్లు మూసుకుని కాసేపు విని, ఆపి, మళ్లీ కప్పేవాడు. దుకాణానికి స్కూటర్ మీద వెళ్లేవాడు. ఆమె బస్సులోనే వెళ్లేది. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక ఆయన పద్ధతికి ప్రభుత్వ మద్దతు కూడా దొరికినట్టయింది.

కమలాకుమారి లెక్కల టీచరు కనుక ఒకసారి లెక్కగానే అడిగింది. వారంటీ ఉన్నంతకాలం ఏం చెడినా కంపెనీయే బాగుచేస్తుంది కదా, నడపాల్సింది ఇప్పుడే కదా అని. వారంటీలో ఉండగా బండిని అరగదీస్తే వారంటీ అయ్యాక ఏం మిగులుతుంది అన్నాడు సుబ్బరాయుడు. పోనీ వారంటీ అయ్యాక నడుపుతానంది. అప్పుడు చెడితే దిక్కెవరన్నాడు. ఈ రెండు జవాబుల మధ్య కారు పట్టేంత సందు ఎక్కడా లేదని ఆమె గ్రహించింది. అయినా వెళ్లి ఎల్‌ఎల్‌ఆర్ తెచ్చుకుని బీరువాలో పెట్టుకుంది.

ఈ కార్తీకంలో షోరూము ఇచ్చిన వారంటీ ముగియవచ్చింది. సుబ్బరాయుడికి అన్నం సయించలేదు.

"పొడిగించిన వారంటీ ఒకటి తీసుకోనీ కమలా. ఆ కాగితం చేతికొచ్చిన మర్నాటి నుంచి బండి నీదే. నందిగామ ఏం ఖర్మ, సాగర్ దాకా వెళ్లు," అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె కూడా నమ్మింది. అందువల్ల ఆ ఇంట్లో వారంటీ దొరకాలని సుబ్బరాయుడి కంటే ఎక్కువగా కోరుకున్నది కమలాకుమారి.

సుబ్బరాయుడు చాలా ఏళ్లుగా భరోసా మాటలు అమ్ముతూ వచ్చిన మనిషి. పురుగు చావలేదని కోపంగా వచ్చిన రైతును కూర్చోబెట్టి, టీ తెప్పించి, మందులో లోపం లేదని, ఆ చేలో పురుగే మొండిదని ఒప్పించి, ఇంకో డబ్బా ఇచ్చి పంపగలడు. మాట ఇవ్వడం ఎంత తేలికో తెలిసినవాడికి ఇంకొకరి మాట కొనుక్కోవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అందుకని ఆయన నాలుగు చోట్ల విచారించి కొనాలనుకున్నాడు.

మొదట దొరికింది 'నిశ్చింత మోటార్ రక్షణ'. దీనికి ఆఫీసు లేదు, మనుషులు లేరు, యాప్ ఒక్కటే ఉంది. (మనుషులు లేకపోవడమే తమ విశ్వసనీయతకు కారణమని యాప్ మొదటి పేజీలోనే రాసుకున్నారు.) కారును నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి పంపితే యాప్ తనంతట తానే పరీక్షించి తీర్పు చెబుతుంది. సుబ్బరాయుడు చీరలు తీసి, ఎండ ఏటవాలుగా పడేదాకా ఆగి, ఫొటోలు తీసి పంపాడు. తీర్పు క్షణంలో వచ్చింది. బానెట్ మీద మూడు చోట్ల తుప్పు, తీవ్రత మధ్యస్థం. ముందు బంపరు కింద ఒక విడిభాగం ఊడి వేలాడుతోంది, తీవ్రత అధికం.

తుప్పు అన్నది పరిటాల పూజారి పెట్టిన పసుపు కుంకుమ బొట్లు. వేలాడుతున్నది నిమ్మకాయ, ఎండుమిరపకాయలు గుచ్చిన దండ.

ఇది ఆయనకు పెద్ద పరీక్ష అయింది. బొట్టు చెరిపితే స్వామి రక్షణ పోతుంది. చెరపకపోతే కంపెనీ రక్షణ రాదు. ఒక రక్షణ నుంచి ఇంకో రక్షణకు దాటే ఆ రెండు నిమిషాలు కారు ఎవరి పూచీ మీద ఉంటుంది? రాహుకాలం వెళ్లాక, తడిగుడ్డతో బొట్లు తుడిచి, దండ విప్పి కళ్లకద్దుకుని, గబగబా ఫొటోలు తీసి, మళ్లీ బొట్లు పెట్టి దండ కట్టేశాడు. ఆ రెండు నిమిషాలూ షెడ్డు పై రేకు మీదికి కాకి వాలినా ఆయన గుండె ఝల్లుమంది. యాప్ ఈసారి కారును మెచ్చుకుంది. లోపాలేవీ లేవంది. ఇంత వయసున్న కారు ఇంత తక్కువ తిరిగి, ఇంత కొత్తగా ఉండటం స్వాభావికం కాదంది. మీటరు వెనక్కి తిప్పి ఉండాలి, లేదా యజమాని మనస్తత్వం పరిశీలించదగినదై ఉండాలి, రెండింటిలో ఏదైనా వారంటీ ఇవ్వలేమని చెప్పి, మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగింది.

తర్వాత 'దీర్ఘాయువు ఆటో కేర్'. ఇక్కడ యాప్ లేదు, ఫోనులో ఒక చల్లని గొంతు ఉంది. ఆ గొంతు కారు గురించి ఏమీ అడగలేదు. మీ వాహనంతో మీకున్న అనుబంధాన్ని ఒకటి నుంచి ఐదు వరకు అంకెల్లో చెప్పమంది. సుబ్బరాయుడు తడుముకోకుండా ఐదు అన్నాడు. అనుబంధం ఎక్కువ ఉన్నవాళ్లు చిన్న గీత పడినా క్లెయిముకు వస్తారని తమ పరిశోధనలో తేలిందని, కనుక వీలుపడదని గొంతు చింతించింది. మర్నాడు తమ్ముడి ఫోన్ నుంచి చేసి ఒకటి అన్నాడు. అలా అనడానికి ఆయన ఎంత క్షోభపడ్డాడో ఆ గొంతుకు తెలియదు. అనుబంధం లేనివాళ్లు సర్వీసింగు సరిగా చేయించరని, కనుక వీలుపడదని అదే చల్లదనంతో చెప్పింది. మూడు అనడానికి ఆయనకు మనసొప్పలేదు. భార్య గురించి అడిగితే మూడు అనగలడేమో గానీ, కారు గురించి అనలేడు. (ఈ పోలిక మాది. ఆయన ఎప్పుడూ అలా ఆలోచించలేదు. భార్య గురించి ఎవరూ అంకెల్లో అడగలేదు, ఆయన లెక్క వేసుకోలేదు.)

చివరికి నందిగామలో కోర్టుకు ఎదురుగా, జిరాక్స్ షాపు పైన ఉన్న 'శతమానం ఆటో సంరక్షణ' వారి సలహాదారు నవీన్‌బాబు దొరికాడు. నుదుటికి అడ్డంగా దువ్విన జుట్టు, మెడలో కార్డు, ఎప్పుడూ చెడ్డవార్త చెప్పబోతున్నట్టు మెత్తని మాట. ఇంటికే వచ్చాడు. ఆదివారం ఇంజను వినే అలవాటు గురించి శ్రద్ధగా విన్నాడు. తమ కంపెనీ ఇలాంటి యజమానులను చాలామందిని చూసిందని, ఇది నయమయ్యేదేనని ధైర్యం చెప్పాడు. కారు కొంతకాలం మామూలు మనిషి వాడినట్టు తిరిగితే చాలు. దాన్ని స్వాభావిక వినియోగం అంటారు. స్టీరింగు కింద అంతరంగం అనే చిన్న పరికరం తగిలిస్తారు. కారు ఎప్పుడు వెళ్లింది, ఎటు వెళ్లింది, ఎలా వెళ్లింది, ఏ మనఃస్థితిలో వెళ్లింది అంతా అది కంపెనీలోని చోదక స్వభావ విశ్లేషణ విభాగానికి చెప్పేస్తుంది. నెలాఖరుకు నివేదిక బాగుంటే వారంటీ.

"మీ ఇంట్లో రోజూ ఒకే టైముకి ఒకే దారిలో వెళ్లొచ్చే వాళ్లెవరైనా ఉన్నారా సార్?" అన్నాడు.

సుబ్బరాయుడు పైకప్పు వంక చూస్తూ ఆలోచించాడు. మజ్జిగ గ్లాసు తెచ్చి పెడుతున్న కమలాకుమారి "నేనున్నా," అంది. "పేట నుంచి నందిగామ. పొద్దున వెళ్లి సాయంత్రం వస్తా."

నవీన్‌బాబు మొహం వికసించింది. ఇంతకంటే స్వాభావికమైన దారి తన ఉద్యోగంలో చూడలేదన్నాడు. అంతరంగంలో ఆ దారిని, ఆ వేళలను ఎక్కించాడు. అప్పుడు, వెళుతూ వెళుతూ అన్నట్టుగా, కారులో చోదకుడు కాక ఇంకొకరు కూర్చోవాలంటే అనుబంధ ప్రయాణికుల నమోదు చేయించాలన్నాడు. బరువు, ఎత్తు, కూర్చునే తీరు రాయాలి. తలుపు వేసే బలానికి ఒక పరీక్ష ఉంటుంది. కీళ్ల అరుగుదల చాలావరకు అక్కడే మొదలవుతుందట. (తలుపు కీళ్లే. ప్రయాణికుల కీళ్లు ఆ వారంటీ పరిధిలోకి రావు.) నడపదలిచినా అంతే, నమోదు తప్పదు. పరీక్షలో తప్పితే దరఖాస్తు మొత్తం పోతుంది.

ఇంట్లో ఈ మధ్య తలుపులు పడుతున్న చప్పుడు సుబ్బరాయుడికి గుర్తొచ్చింది.

"ఈ నెల ఒక్కటీ ఓపిక పట్టు కమలా," అన్నాడు. "దారి నీదే. టైమూ నీదే. నువ్వు మాత్రం బస్సులో వెళ్లు."

అలా మర్నాటి నుంచి కారు రోజూ కమలాకుమారి స్కూలుకు వెళ్లిరావడం మొదలుపెట్టింది. కమలాకుమారి బస్సులో వెళ్లింది.

కారు నడపడానికి అయూబ్‌ను కుదిర్చి, ముందే నమోదు చేయించారు. ముక్త్యాల నుంచి సిమెంటు లోడ్లు తోలి తోలి విసిగి, లారీ మానేసి ఊళ్లో చిన్న బండ్లు నడుపుకుంటున్న మనిషి. చెప్పిన టైముకు ప్లాస్టిక్ కవరు మీద చప్పుడు కాకుండా కూర్చుని బయల్దేరేవాడు. బస్సు ముందు వెళ్లేది, చిల్లకల్లు దాటాక కారు దాన్ని అందుకుని, హారన్ కొట్టి, పక్క నుంచి దాటిపోయేది. రెండో రోజుకే బస్సులో అందరూ ఈ సంగతి కనిపెట్టారు. కడ్డీ పట్టుకుని నిలబడ్డ కమలాకుమారిని, పత్తి తీతకు వెళుతూ పక్కన నిలబడ్డ ఒకావిడ అడిగింది.

"టీచరమ్మా, ఆ పోయే బండి మీది కాదూ?"

"మాదే."

"లోపల డ్రైవరు తప్ప ఎవరూ లేరుగా."

"లేరు. పని మీద వెళ్తోంది."

"ఏం పనమ్మా?"

"నా పనే. నందిగామ వెళ్లి రావాలి."

"మా ఆయన కూడా అంతేనమ్మా. గొడుగు కొన్నాడు. తడుస్తుందని వానలో బయటికి తియ్యడు," అందావిడ. బస్సులో కొందరు నవ్వారు. కమలాకుమారి కూడా నవ్వింది. నవ్వాక, స్కూల్లో మొదటి పీరియడు అయ్యేదాకా ఆ నవ్వు ఆమె మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.

సుబ్బరాయుడు మాత్రం ఆ రోజుల్లో చాలా శాంతంగా ఉన్నాడు. సాయంత్రం కారు రాగానే ఎదురెళ్లి, చక్రాలు తడిమి, ప్రయాణం ఎలా జరిగింది, అలసిందా అని అయూబ్‌ను అడిగేవాడు. కారు వచ్చిన కాసేపటికి బస్టాండు నుంచి నడిచి కమలాకుమారి వచ్చేది. ఆమెను అడగడానికి ప్రత్యేకంగా ఏమీ ఉండేది కాదు. బస్సుకు ఏదైనా అయితే చూసుకునేవాళ్లు ఉన్నారు.

ఈ ఏర్పాటులో మొదట తట్టుకోలేకపోయింది అయూబ్. సిమెంటు లోడ్లు తోలిన మనిషికి ఖాళీ బండే బరువైంది. ఒక సాయంత్రం నందిగామ బస్టాపులో, రెండు బస్సులు కిక్కిరిసి ఆగకుండా పోయాక, తెల్ల కారు వచ్చి కమలాకుమారి ముందు ఆగింది.

"ఎక్కండి మేడమ్. రోజూ మీ బస్సుని దాటేటప్పుడు నాకు మొహం చెల్లట్లేదు," అన్నాడు అయూబ్.

"ఎక్కితే కూర్చోవడమేనా? నడపడం కూడానా?"

అయూబ్ అటూ ఇటూ చూశాడు. "నాకేం తెలియదు మేడమ్. నేనైతే సార్‌కి చెప్పను. మీ దగ్గర ఎల్‌ఎల్‌ఆర్ ఉందా?"

ఉంది. బీరువాలోంచి తీసి చాలా రోజులుగా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరుగుతోంది. స్కూలు చార్టు కాగితం మీద కత్తిరించిన ఎర్రటి L అక్షరం కూడా అందులోనే ఉంది. అద్దానికి అతికించింది. తలుపు చాలా మెల్లగా వేసింది.

అప్పటి నుంచి స్కూలు ఉన్న ప్రతి సాయంత్రం ఆమె నందిగామ నుంచి చిల్లకల్లు దాకా కారు నడిపింది. పక్క సీట్లో అయూబ్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాడు. చిల్లకల్లులో దిగి, L తీసి మడిచి బ్యాగులో పెట్టుకుని, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేది. కారు ఆమెకంటే ముందే ఇల్లు చేరి, అలసిందా అని అడిగించుకునేది. దొంగతనం అనే మాట ఆమె మనసులోకి రాలేదు. మన పేరు మీద జరుగుతున్న పనిని మనమే ఒకసారి చేసి చూస్తే దాన్ని ఏమంటారో భాషలో ఇంకా ఒక మాట పుట్టలేదు.

నెలాఖరుకు నవీన్‌బాబు నివేదిక పట్టుకుని వచ్చాడు. హాల్లో సుబ్బరాయుడు కూర్చున్నాడు. ఒక పక్క బల్ల దగ్గర కమలాకుమారి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతోంది. తాళంచెవి ఇవ్వడానికి వచ్చిన అయూబ్ గుమ్మంలో ఉన్నాడు. నవీన్‌బాబు గొంతు సవరించుకుని చదివాడు.

మొదటి చోదకుడు అనుభవజ్ఞుడు. హారన్ అధికం. మనసు వేరేచోట ఉంది. ఇంతవరకు అభ్యంతరం లేదు. కానీ ఉదయం కనిపించని రెండవ చోదకుడు ఒకరు సాయంత్రం వేళ నమోదయ్యారు. ఈ వ్యక్తి ఆదివారాల్లోనూ, రెండో శనివారం నాడూ, బడి సెలవుల్లోనూ కనిపించలేదు. మొదట్లో తీవ్రమైన భయం, బ్రేకు మీద అకారణ విశ్వాసం. తర్వాత నిలకడ. ఒక సాయంత్రం అంబారుపేట దాటాక ఒక లక్షణం నమోదైంది. వేగం పెరగలేదు, తగ్గలేదు. ఏసీ నడుస్తుండగా చోదకుని వైపు అద్దం పూర్తిగా దించబడింది. అలా దించడానికి సాంకేతిక కారణం ఏదీ కనిపించలేదు. మానసిక కారణం సంతోషం అయి ఉండవచ్చునని విభాగం భావించింది. సంతోషానికి తమ దగ్గర కోడ్ లేనందున దాన్ని ఇతర లోపాల కింద చేర్చింది.

సుబ్బరాయుడు అయూబ్ వైపు చూశాడు.

"పక్కన కూర్చున్నావుగా. ఎవరయ్యా అది?"

"నేను చూళ్లేదు సార్," అన్నాడు అయూబ్. "భయంతో కళ్లు మూసుకున్నా."

సుబ్బరాయుడు తెలివితక్కువ మనిషి కాదు. బడి సెలవుల్లో కనిపించని మనిషెవరో ఆయనకు ఆ వాక్యం దగ్గరే అర్థమైంది. కమలాకుమారి తల ఎత్తలేదు. ఎవరి పేపరో తప్పుల తడకగా ఉన్నట్టుంది, ఎర్ర పెన్ను ఆగకుండా కదులుతోంది.

నవీన్‌బాబు ఓదార్పుగా ముందుకు వంగాడు. "బాధపడకండి సార్, దీనికీ రూల్సున్నాయి. ఆ మనిషి మీ ఇంట్లోవాళ్లయితే, నమోదు చేయకుండా నడిపించినట్టు. అప్పుడు వారంటీ రాదు. మా దగ్గరే కాదు, ఎక్కడా రాదు. అదే ముక్కూ మొహం తెలియని మనిషైతే మీ తప్పేం లేదు. అపరిచిత వినియోగం కింద రాసేస్తాం. వారంటీ ఇవాళే పైకి పంపిస్తా. ఆమె ఎవరో మీకు తెలియదని రాసివ్వాలి, అంతే."

"ఆమె అని నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నా సార్."

మనసులో పెద్ద నిర్ణయాలన్నీ చాలా చిన్న చోట జరుగుతాయి. 'మా ఆవిడ' అనే మాట ఆయన నాలుక మీదికి వచ్చింది. అనడానికి కష్టమైన మాట కూడా కాదు, రోజూ దుకాణంలో అనేదే. అదే సమయంలో కిటికీలోంచి షెడ్డు కనిపించింది. అందులో లేత నీలం చీర, గళ్ల చీర, పెళ్లయిన కొత్తలో కొన్న కనకాంబరం రంగు చీర కట్టుకుని కారు నిలబడి ఉంది. వారంటీ గడువు ఎల్లుండితో ముగుస్తుంది. ఆ కాగితం ఒక్కటి వస్తే రేపటి నుంచి బండి కమలదే కదా అని ఆయన మనసు ఆయనకు చెప్పింది. ఆమె కోసమే ఆమెను తెలియదంటున్నానని కూడా చెప్పింది. మనసు ఇలాంటి పనుల్లో ఎప్పుడూ లాయరు ఫీజు అడగదు.

పెన్ను తీసుకుని, ఆ స్త్రీ ఎవరో నాకు తెలియదు అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

నవీన్‌బాబు కాగితం తిప్పి, సాక్షి కావాలన్నాడు. అయూబ్ జీతగాడు కనుక పనికిరాడు. సాక్షికి ఇద్దరినీ చూసిన అనుభవం ఉండాలి, ఆ నడిపిన మనిషినీ, ఈ యజమానినీ. దరఖాస్తుదారుతో మాత్రం ఏ బంధుత్వమూ ఉండకూడదు. ఇలాంటి మనిషి దొరకడం సాధారణంగా కష్టమని, చాలా దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయని నిట్టూర్చాడు.

కమలాకుమారి పెన్నుకు మూత పెట్టి లేచి వచ్చింది.

"నేను చేస్తా సంతకం."

"మేడమ్, మీరు..." నవీన్‌బాబు నసిగాడు. "బంధుత్వం ఉండకూడదండీ."

"ఆమె నాకు బాగా తెలుసు. ఈయనకి తెలియదు. ఇందులో అబద్ధమేం లేదు. ఆ గడి ఎక్కడుందో చూపించండి."

సుబ్బరాయుడు "కమలా" అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకూ తెలియదు. వద్దని అనలేదు, కావాలనీ అనలేదు. నవీన్‌బాబు వేలితో గడి చూపించాడు. దరఖాస్తుదారుతో బంధుత్వం అన్న చోట ఆమె 'లేదు' అని రాసింది. పిల్లల పేపర్ల మీద మార్కులు వేసినంత మామూలుగా రాసింది.

కాగితం ఇస్తూ అడిగింది. "ఎన్నేళ్లు దాటిన బండికి వారంటీ ఇవ్వరండీ?"

"పదేళ్లు దాటితే ఎవరూ ఇవ్వరు మేడమ్. మేమే కాదు, ఎవరూ."

"అలాంటిది ఒకటి అమ్మకానికి ఉంటే చెప్పండి. నడుపుకుంటా."

నవీన్‌బాబు తలూపి, అలవాటు కొద్దీ ఆమె ఫోన్ నంబరు రాసుకున్నాడు. సుబ్బరాయుడు ఏదో అనబోయి, ముందు వారంటీ సంగతి తేలనీ, తర్వాత మాట్లాడదామనుకున్నాడు.

శతమానం వారు ఏ పనీ విచారణ లేకుండా చేయరు. మర్నాడు సాక్షుల నిజనిర్ధారణాధికారి ఒకాయన విజయవాడ నుంచి వచ్చాడు. ఇంట్లోవాళ్లను అడిగితే పక్షపాతం వస్తుందని ఎదురింటి వలీబీని అడిగాడు. ఈ ఇద్దరికీ ఏమైనా సంబంధం ఉందా అని. వలీబీ ఆ ఇద్దరినీ చాలా ఏళ్లుగా చూస్తున్న మనిషి. ఏ ప్రశ్నకైనా చూసింది చూసినట్టు చెబుతుంది. "ఆయన స్కూటర్ మీద పోతాడండి. ఆమె బస్సులో పోతుంది. బండి దాని దారిన అది పోతుంది. కలిసి పోవడం అయితే నేనెప్పుడూ చూళ్లేదు," అంది.

అధికారి ఇంకో రెండు ఇళ్లలో అడిగాడు. తేడా ఏమీ రాలేదు. సాయంత్రానికి వారంటీ మంజూరైంది. సాక్షి రాసినది అక్షరాలా నిజమని విచారణలో తేలిందని ఫైలు మీద రాసి ఉంది.